కొండల నడుమ సముద్రం, చిన్న బోటు: మీరడిగినవి, నేను చెప్పేవి

పోయిన నెల సంచికలో కెనడాలో మా అల్లుడి బోటులో రెండు వారాలు తిరిగొచ్చిన సంగతి రాస్తిని కదా, దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేనైతే అనుకోలేదు, ఎడిటర్ గారు ఫోన్ చేసి టీచరమ్మా ఈసారి పేజీ మొత్తం మీ బోటుకే అన్నారు. ఆ సంచిక చదవనోళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. వాంకూవర్ నుంచి బయల్దేరి బ్రిటిష్ కొలంబియా తీరం వెంబడే ఉత్తరానికి పోయినాం, ఎడమ పక్క దూరంగా వాంకూవర్ ఐలాండ్, కుడి పక్క నీళ్ళలోంచి నిట్టనిలువునా లేచిన కొండలు, మధ్యలో 28 అడుగుల మోటర్ బోటు, అందులో మా అమ్మాయి, అల్లుడు, నేను. నేను తిరుపతిలో 30 ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని, ఈత రాదు, అంతకుముందు బోటే ఎక్కలేదు, కపిలతీర్థం తెప్పోత్సవంలో తెప్పని కూడా ఒడ్డున నిలబడి చూసిందే. కాబట్టి ఇవి సరంగు జవాబులు కాదు, పక్కన కూర్చున్న ఆమె జవాబులు. అట్లే చదువుకోండి.

"అమ్మా, 'నీళ్ళ కోసం గంటన్నర కాచుకున్నాం' అని రాసినారు. సముద్రంలో ఉండి నీళ్ళ కోసం కాచుకునేదేంది? అచ్చు తప్పా?" (పీలేరు నుంచి ఒక పాఠకుడు)

అచ్చు తప్పు కాదు నాయనా, మా తప్పు. మొత్తం ప్రయాణంలో నేను నేర్చుకున్నది అదే కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టు.

మనకి సముద్రం అంటే చెన్నై మెరీనా. అక్కడ పోటుకీ ఆటుకీ నీటి మట్టంలో తేడా మహా అయితే మీటరు, ఎవరూ పట్టించుకోరు, చెప్పులు కొంచెం పైన విప్పుకుంటే సరిపోయె. బ్రిటిష్ కొలంబియాలో ఆ తేడా నాలుగైదు మీటర్లు ఉంటుంది, అంటే ఒక అంతస్తు మేడ, పైన పిట్టగోడతో సహా. అదీ రోజుకి రెండుసార్లు ఎక్కాల, రెండుసార్లు దిగాల, ఒక్కో దానికి ఆరు గంటల పైచిల్లర. ఇప్పుడు ఆ తీరాన్ని ఊహించుకో: ఒకప్పుడు గ్లేసియర్లు, అంటే మంచు నదులు, కొండల్ని గీరుకుంటా దిగి లోతైన లోయలు చేసినాయి, మంచు కరిగినాక సముద్రం ఆ లోయల్లోకి వచ్చేసింది, వాటినే ఫియోర్డులు అంటారు, అక్కడోళ్ళు ఇన్లెట్ అంటారు. గ్లేసియర్ పోతా పోతా తను తోసుకొచ్చిన మట్టీ రాళ్ళూ కొన్నిచోట్ల ఆ మూతి దగ్గరే కుప్ప పోసి పోయింది. అందుకని లోపల వందల మీటర్ల లోతు, వాకిట్లో మాత్రం ఇరుకు, లోతు తక్కువ. పోటు వచ్చినప్పుడు లోపలికి పోవాల్సిన నీళ్ళన్నీ ఆ ఇరుకులోంచే దూరాల. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గేటు తీస్తానే జనం ఎట్ల పడతారో చూసినావు కదా, అట్ల.

మేము పోయింది ప్రిన్సెస్ లూయిసా ఇన్లెట్ అని ఒక చోటికి, దాని వాకిలి పేరు మాలిబు రాపిడ్స్. జోరు మీదున్నప్పుడు అక్కడ నీళ్ళు ఎనిమిది తొమ్మిది నాట్ల స్పీడులో పోతాయి. మా బోటు స్పీడు ఏడు. లెక్క చాలా సింపుల్, ఎదురుపోతే ఇంజన్ ఎంత మోగినా రెండు నాట్ల స్పీడులో వెనక్కి పోతావు, నాటు అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. పోనీ నీళ్ళతో పాటు పోదామా అంటే తొమ్మిదీ ఏడూ పదహారు, పైగా అది రెండు వంకర్లు తిరిగిన సందు, రెండు పక్కలా రాయి, నీళ్ళే ముందుకు తోస్తా ఉంటే చుక్కాని మన మాట వినదు. అందుకే పోటు ముగిసి ఆటు మొదలయ్యే ముందు నీళ్ళు కాసేపు కదలకుండా నిలబడతాయి చూడు, ఆ కొద్ది నిమిషాల్లోనే దాటాల. వాళ్ళు స్లాక్ అంటారు, నేను సంధికాలం అంటే మా అల్లుడు నవ్వినాడు, రెండో రోజు నుంచి తనూ అదే మాట అంటా ఉన్నాడు.

ఆ స్లాక్ ఎప్పుడో చెప్పడానికి ఏడాదికి సరిపడా టేబుల్స్ ఉంటాయి, కెనడా ప్రభుత్వమే వేస్తుంది, చూసేదానికి అచ్చం మన పంచాంగమే. ఇంకో తిరకాసు ఏందంటే బయట సముద్రంలో పోటు పూర్తయిన టైం వేరు, ఆ సందులో నీళ్ళు నిలబడే టైం వేరు, మాలిబు దగ్గర సుమారు అరగంట లేటు. అదంతా మా అల్లుడు జాగ్రత్తగానే కూడినాడు, 1:10కి స్లాక్ అని తేల్చి 12:45కల్లా తీసుకొచ్చి నిలబెట్టినాడు. చూస్తే సందు నిండా తెల్లటి నురగ. కొన్ని టేబుల్స్ స్టాండర్డ్ టైంలో ఉంటాయి, మేం పోయిన ఎండాకాలంలో అక్కడ గడియారం గంట ముందుకి తిప్పి పెట్టుకుని ఉన్నారు, ఆ గంట కలపడం మర్చిపోయినాం. తిరుపతి పంచాంగం చూసి అమెరికాలో రాహుకాలం లెక్కేసుకునే వాళ్ళని చూసి ఎన్నిసార్లు నవ్వుకున్నానో, ఫిజిక్స్ టీచర్ని, పక్కనే కూర్చున్నాను, నాకూ తట్టలేదు. 2:10 దాకా ఆ గుమ్మం ముందర గుండ్రంగా తిరగతా ఉన్నాం. అప్పుడు చూస్తా ఉండగానే నురగ తగ్గి, సుడులు మెల్లిగా విప్పుకుని, నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా అయిపోయినాయి. మాతో పాటు కాచుకున్న ఆరు బోట్లు ఒకదాని వెనక ఒకటి లోపలికి.

దీనికంటే పెద్దది పక్కనే ఉంది, స్కూకమ్‌చక్ అని. అక్కడి ఆదివాసులూ వ్యాపారులూ కలిసి మాట్లాడుకున్న చినూక్ జార్గన్ అనే భాషలో స్కూకమ్ అంటే బలమైన, చక్ అంటే నీళ్ళు. అక్కడ 16 నాట్ల దాకా పోతుంది, సందుకి ఈ పక్క నీటి మట్టానికీ ఆ పక్క మట్టానికీ రెండు మీటర్ల తేడా కూడా వస్తుంది. దాన్ని మాత్రం ఒడ్డున రాతి మీద కూర్చొనే చూసినాను, బోటులో రమ్మన్నా పోను.

"బోటు తోలేదానికి లైసెన్స్ కావాల్నా మేడం? కారు తోలినట్టేనా? నేను చిత్తూరులో ట్యాక్సీ డ్రైవర్ని, మా బావమరిది టొరంటోలో ఉన్నాడు."

కార్డు కావాల సార్. మోటర్ ఉండే ఏ షికారు పడవ తోలినా కెనడాలో ప్లెజర్ క్రాఫ్ట్ ఆపరేటర్ కార్డు ఉండాల, 2009 నుంచి అన్ని వయసులోళ్ళకీ తప్పనిసరి. ఆన్‌లైన్లో చదువుకుని పరీక్ష రాయొచ్చు. కానీ కార్డు ఉందని ఎవరూ పెద్ద బోటు అద్దెకి ఇవ్వరు, ఇంతకుముందు ఏమేం తోలినావు, ఎక్కడెక్కడ తోలినావు అని మొత్తం జాతకం అడుగుతారు.

కారుకీ దీనికీ పెద్ద తేడా బ్రేకు. అది లేదు. ఆపాలంటే రివర్స్ వేసి కాచుకోవాల్సిందే, గాలి పక్కనుంచి కొడితే న్యూట్రల్‌లో కూడా బోటు పోతానే ఉంటుంది. కుడి పక్కనుంచి అడ్డంగా వచ్చే మోటర్ బోటుకి మనమే దారియ్యాల. మన రోడ్డు మీద హారన్ కొట్టినోడిదే దారి, ఆ అలవాటు ఒడ్డునే వదిలెయ్యండి.

ఇంకోటి, కట్టెలు. ఆ తీరమంతా అడవి, నరికిన మాన్లని నీళ్ళలోనే తెప్పలు కట్టి లాక్కుని పోతారు, వాటిలో తప్పించుకున్నవి నెలల తరబడి నానిపోయి ఒక పక్క బరువెక్కి నిట్టనిలువుగా తేలతాయి. పైకి కనిపించేది భోజనం ప్లేటంత. డెడ్‌హెడ్ అంటారు. బోటు తగిలితే అడుగు పగిలినా పగులుతుంది, ప్రొపెల్లర్ వంగినా వంగుతుంది. అందుకే చీకటి పడినాక ఎవరూ తిరగరు. నా డ్యూటీ ముందర కూర్చొని వాటిని చూడడం. మొదటి రోజు నేను "కట్టె! కట్టె!" అని అరిస్తే మా అల్లుడు ఇంజన్ కట్టేసినాడు, ఆ కట్టె మీసాలతో సహా నా వైపు తిరిగి, కళ్ళార్పి, బుడుంగుమని మునిగిపోయింది. సీల్ అంట. ఆ తర్వాత నేను ఎన్ని నిజమైన కట్టెలు చూపించినా "మీసాలున్నాయా అత్తమ్మా" అని అడగడమే.

"రాత్రిళ్ళు బోటుని చెట్టుకి కట్టినామని రాసినారు. లంగరు వేస్తే చాలదా? చెట్టు ఎందుకు?" (మదనపల్లె, ఇంజనీరింగ్ విద్యార్థి)

ఇంజనీరింగ్ కాబట్టి బొమ్మ గీసుకో. కొండ పైన ఎంత నిటారుగా ఉందో నీళ్ళ కింద కూడా అంతే నిటారు. ఒడ్డు నుంచి కాస్త దూరంలో లంగరు వెయ్యబోతే అప్పటికే 50 మీటర్ల లోతు, అంత గొలుసు మా దగ్గర లేదు. లంగరుకి అందే లోతు దొరికేదాకా లోపలికి వస్తే, ఒడ్డు రాతికి చేరువైపోతావు, రాత్రి గాలి తిరిగితే బోటు గొలుసు చుట్టూ తిరిగి నేరుగా ఆ రాతికి పోయి గుద్దుకుంటుంది. అందుకే ముందు లంగరు వేసి, వెనక్కి వెనక్కి ఒడ్డు వైపుకి వచ్చి, ఒకరు చిన్న రబ్బరు పడవలో తాడు తీసుకునిపోయి చెట్టు చుట్టూ తిప్పి కొసని మళ్ళీ బోటుకే తెచ్చి కట్టాల. ముందర లంగరు, వెనక తాడు, బోటు అటూ ఇటూ తిరగదు. పొద్దున్నే పోయేటప్పుడు దిగక్కర్లేదు, ఒక కొస వదిలేసి రెండో కొస లాక్కుంటే తాడు మొత్తం వచ్చేస్తుంది. తాడు కూడా నీళ్ళలో తేలే రకం, పసుప్పచ్చది, మునిగేదైతే పోయి ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. కొన్ని పార్కుల్లో చెట్లు ఒరుసుకుపోతా ఉన్నాయని రాతికే ఇనప గొలుసులు దిగ్గొట్టి పెట్టినారు.

ఒక సాయంత్రం కట్టే పని నాకిచ్చినారు. నేను చిన్నప్పుడు మా అవ్వ కొట్టంలో ఆవుని కట్టేదాన్ని చూసి పెరిగినదాన్ని, ఇంచు కూడా వదల్లేదు, బిర్రుగా లాగి కట్టినాను, నాకు నేనే శభాష్ అనుకున్నాను. అది నిండు పోటు టైం అని గుర్తు లేదు. రాత్రి మూడు గంటలప్పుడు ఎవరో పాత తలుపు మెల్లిమెల్లిగా తీస్తున్నట్టు సౌండు. లేచి టార్చి వేస్తే, నీళ్ళు నాలుగు మీటర్లు దిగిపోయినాయి, బోటు వాటితో పాటు దిగింది, చెట్టు మాత్రం చెట్టు దగ్గరే ఉంది కదా. తాడు వీణ తీగలాగా బిగుసుకుని, దాన్ని కట్టిన ఇనప కొక్కెం మూలుగుతా ఉంది, బోటు వెనక భాగం పైకి లేచి వంటింట్లో గిన్నెలన్నీ ఒక మూలకి జరిగినాయి. నేను సాయంత్రం నిలబడిన రాయి ఇప్పుడు నా తల పైన ఉంది. దాని కింద నల్లటి గీత, ఆ కింద తెల్లగా గరుకుగా పట్టుకున్న బార్నకిల్స్ అనే గుల్లలు, ఇంకా కిందకి ఊదా రంగు స్టార్ ఫిష్‌లు రాతికి అతుక్కుని నీళ్ళు కారుతా ఉన్నాయి. మా అల్లుడు కేకలేస్తా తాడు కొంచెం కొంచెంగా వదులుతుంటే నేను టార్చి ఆ స్టార్ ఫిష్‌ల మీదే పెట్టి చూస్తా ఉండిపోయినాను, దానికి కూడా తిట్లు తిన్నాను. తాడు వదులుగా కట్టు నాయనా, అంతే.

"తిండీ తిప్పలూ ఏందక్కా? ఒడ్డున ఆల్చిప్పలు ఊరికే దొరుకుతాయంట, ఏరుకుని వండుకోవచ్చా?" (శ్రీకాళహస్తి)

రాగిపిండి, బియ్యం, పప్పు, రెండు సీసాల ఊరిబిండి, ఒక చిన్న కుక్కర్. బోటులో రెండు బర్నర్ల స్టవ్ ఉంది, సంకటి కెలికేటప్పుడు ఇంకో బోటు అల వచ్చి కొడితే గిన్నె పట్టుకోవాల్నా మనల్ని మనం పట్టుకోవాల్నా తెలీదు, అందుకని లంగరు వేసినాకే వంట. బాత్రూం సంగతి అడగలేదు గానీ అందరూ అడగాలనుకున్నదే కాబట్టి చెప్తా, ఒక ట్యాంకు ఉంటుంది, నిండితే పంపు ఉన్న రేవుకి పోయి ఖాళీ చేయించుకోవాల. నీళ్ళు పొదుపుగా వాడాల.

ఆల్చిప్పలు మాత్రం కనిపించినాయి కదా అని ఏరొద్దు. లైసెన్స్ తీసుకోవాల, అది పక్కన పెట్టు, అసలు ప్రమాదం వేరే. ఒక్కోసారి నీళ్ళలో ఒక రకం సూక్ష్మజీవులు పెరిగి వాటి విషం ఆల్చిప్పల్లో చేరుతుంది, రెడ్ టైడ్ అంటారు గానీ నీళ్ళు ఎర్రగా ఉండాలనేం లేదు. ఆ విషం ఉడకబెట్టినా పోదు. ముందు పెదాలు తిమ్మిరెక్కి, ముదిరితే ఊపిరి ఆడే కండరాలే పడిపోతాయి. ఏ తీరంలో ఏరకూడదో ప్రభుత్వం ఎప్పటికప్పుడు చెప్తుంది, అది చూడకుండా చెయ్యి పెట్టొద్దు. నేను ఎట్లాగూ తినను, మా అల్లుడు తింటాడు, నాకే భయం.

"సముద్రం అడుగున కొండని పేల్చేసినారని మా లెక్చరర్ చెప్పినారు. మీరు తిరిగిన పక్కనేనంట, నిజమేనా?" (తిరుపతి, డిగ్రీ హిస్టరీ)

నిజమే. సేమూర్ నేరోస్ అనే ఇరుకు జలసంధి మధ్యలో రిపుల్ రాక్ అని రెండు శిఖరాల రాయి ఉండేది, నీళ్ళు తగ్గినప్పుడు దాని కొస మూడు మీటర్ల లోతులో కూడా ఉండేది కాదు, అక్కడ కరెంటు, అంటే నీళ్ళ ఒరవడి, 15 నాట్లు. పెద్ద ఓడలు ఇరవై దాకా, చిన్నవి వంద దాకా దానికి దెబ్బతిన్నాయి, వంద మంది పైన చచ్చిపోయినారు. 1940లలో పైనుంచి, తేలే బార్జి మీద నిలబడి డ్రిల్ చేద్దామని రెండుసార్లు చూసినారు. ఆ కరెంటులో బార్జిని కదలకుండా నిలబెట్టలేకపోయినారు. చివరికి పక్కనున్న మాడ్ ఐలాండ్ మీద బావి తవ్వి, సముద్రం అడుగు నుంచి సొరంగం వేసి, కింద నుంచి రాతి లోపలికి పోయినారు. 27 నెలల పని. 1,270 టన్నుల పేలుడు పదార్థం కూరి 1958 ఏప్రిల్ 5న పేల్చినారు, కెనడా మొత్తం టీవీలో లైవ్ చూసింది. రాయి పోయింది, కరెంటు అట్లే ఉంది, ఇప్పటికీ స్లాక్ చూసుకునే దాటుతారు. మేం బోటులో అటు పోలేదు, ఇంకోసారి కారులో పోయి పైనుంచి చూసినాం.

"అంత చలి దేశంలో నీళ్ళలో పడితే పరిస్థితి ఏంది? మాకు భయం." (పలమనేరు)

భయం ఉండాల్సిందే. చల్లటి నీళ్ళలో పడితే మునగకముందే చేతులు పనిచెయ్యవు, కొద్ది నిమిషాల్లోనే తాడు పట్టుకునే శక్తి పోతుంది, ఈత వచ్చినోడికైనా అంతే. కాబట్టి లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాల. 2019 సెప్టెంబర్‌లో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగింది గుర్తుంది కదా, ఇంకా చెప్పక్కర్లేదు. రేడియోలో ఛానల్ 16 ఎప్పుడూ ఆన్‌లో ఉంచుతారు, ఆపదలో పిలిచేది దాని మీదే.

కానీ ఒక విచిత్రం చెప్పాల. డిసోలేషన్ సౌండ్ అనే చోట ఎండాకాలంలో నీళ్ళు 20 డిగ్రీలు దాటి వెచ్చగా ఉంటాయి. పోటు నీళ్ళు వాంకూవర్ ఐలాండ్‌ని ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ చుట్టుకొచ్చి ఆ చుట్టుపక్కల్లోనే కలుస్తాయి, అందుకని అక్కడ ప్రవాహం చాలా తక్కువ, అడుగు చల్లనీళ్ళు పైకి కలవవు, పై నీళ్ళు ఎండకి కాగుతాయి. 1792లో జార్జ్ వాంకూవర్ అనే కెప్టెన్ వచ్చి ఇదేం దిక్కుమాలిన చోటురా అనుకుని ఆ పేరు పెట్టిపోయినాడు, ఇప్పుడు జులై ఆగస్టులో అక్కడ లంగరు వెయ్యడానికి జాగా దొరకదు. నేను మెట్ల మీద కూర్చొని మోకాళ్ళ దాకా దిగినాను. చాలు.

"అంత ఖర్చు పెట్టి జలపాతం చూడ్డానికి కెనడా పోవాల్నా? మన తలకోన లేదా?" (పుత్తూరు)

ఉంది, పైగా మనదే పెద్దది. తలకోన 270 అడుగులు, ప్రిన్సెస్ లూయిసా చివర్లో ఉండే చాటర్‌బాక్స్ జలపాతం 40 మీటర్లు, అంటే సగం. జలపాతం కోసమే అయితే భాకరాపేట బస్సెక్కండి. కానీ అక్కడ బోటుని జలపాతం కాళ్ళ దగ్గరే లంగరు వేసుకుని, ఆ నీళ్ళ తోపుడికే బోటు ముక్కు దాని వైపు తిరిగి నిలబడితే, రాత్రంతా ఆ హోరు వింటా పడుకుంటావు. చుట్టూ కొండలు సముద్రంలోంచే మొదలై రెండు వేల మీటర్ల పైకి పోతాయి, రెండు తిరుమల కొండలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. ఆ జాగా ఒకాయన 1927లో కొనుక్కుని, హోటళ్ళోళ్ళు అడిగినా అమ్మకుండా 1953లో బోటోళ్ళందరికీ అని రాసిచ్చేసినాడు. మన దగ్గర జలపాతం పక్కన మొక్కజొన్న కంకుల బండ్లు చూసి ఆయన్ని తలుచుకున్నాను.

ఖర్చు నిజమే. మాకు అల్లుడు ఉన్నాడు.

"సూళ్ళూరుపేట నుంచి రాస్తున్నా. మాకు పులికాట్ ఉంది, దాన్ని ఒక్క ముక్క కూడా రాయలేదే?"

కోపం న్యాయమే సార్. 2022 ఏప్రిల్ దాకా మా జిల్లాకి సముద్రమే లేదు, కొత్త తిరుపతి జిల్లా చేసినాక మీతో పాటు మాకూ తీరం వచ్చింది, ఇంకా అలవాటు పడలేదు. కొండలు లేవు గానీ చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు మీదే. వచ్చినాక పోయిన నెలలో తడ దగ్గర భీములవారిపాళెం పోయి పడవెక్కినాను. అక్కడేమో వందల మీటర్ల లోతు, ఇక్కడ చాలాచోట్ల పడవ నడిపే ఆయన దిగి తోస్తే నడుం దాకే. నేను గొప్పగా ఫోన్‌లో పోటు టైం చూసి "అన్నా, ఇప్పుడు పోటు జోరుగా ఉంటుందా" అన్నాను. ఆయన గడ వేస్తానే "నవమి కదమ్మా, ఏం జోరుంటాది, అమావాస్యకి రా" అన్నాడు. అదే కదా నేను 30 ఏళ్ళు బోర్డు మీద సూర్యుడు, చంద్రుడు, భూమి బొమ్మలేసి చెప్పింది.

మిగతావాళ్ళు కూడా పోవాలనుకుంటే చలికాలంలో పొండి, ఫ్లెమింగోలు ఉంటాయి. పొద్దున్నే పోవాల. టోపీ పెట్టుకోండి, ఆ నీళ్ళ మీద నీడ అనేదే ఉండదు, నా ముక్కు ఇంకా పొట్టు రాలుతా ఉంది.